నూనె గిన్నె పక్కన పెట్టండి

కుడిచేతి వాటం మనిషి ఎదురుగా నిలబడ్డవాడిని చెంప మీద కొడితే దెబ్బ పడేది ఎడమవైపు. అందుకే చెంపదెబ్బ తిని ఈఎన్‌టీ ఓపీకి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఎడమ చెవే దెబ్బతిని ఉంటుంది. అరచెయ్యి కాస్త గుంటగా వంగి చెవి మీద సరిగ్గా కూర్చుందంటే, రంధ్రంలోని గాలికి బయటికి పోయే దారి ఉండదు. ఒక్కసారిగా లోపలికి నొక్కుకుంటుంది. ఆ ఒత్తిడికి కర్ణభేరి చిట్లిపోతుంది. చెంప మీద వేళ్ల గుర్తులు సాయంత్రానికి చెరిగిపోతాయి. లోపలి చిల్లు మాత్రం ఎవరి కంటా పడదు. ‘చెవి గుయ్‌మంటోంది’ అని పిల్లాడు గొణిగితే, ‘ఒక దెబ్బకే? తగ్గిపోతుందిలే’ అని కొట్టినవాళ్లే సర్దిచెబుతారు.

చెంపదెబ్బ ఒక్కటే కాదు, చెవికి చిల్లు పడే దారులు చాలా ఉన్నాయి. కాలువ వంతెన మీంచో, బావి గట్టు మీంచో దూకి చెవివాటుగా నీళ్లకు తగిలిన కుర్రాళ్లు, దీపావళి నాడు పక్కనే బాంబు పేలినవాళ్లు, జలుబుతో విమానమెక్కి అది కిందికి దిగుతున్నప్పుడు చెవి పోటుతో అల్లాడినవాళ్లు. వెల్డింగ్ షాపుల్లో చెవిలోకి ఎగిరిపడే నిప్పురవ్వ చేసే చిల్లు మరీ మొండిది. అంచులు కాలిపోతాయి కాబట్టి అది ఓ పట్టాన పూడదు. వీటన్నిటికంటే నిత్యం జరిగేది ఇంకొకటి ఉంది. మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో జారగిలబడి ఇయర్ బడ్డో, పిన్నీసో, అగ్గిపుల్లో, బండి తాళంచెవో చెవిలో తిప్పుకోవడం. ఆ సుఖంలో కళ్లు మూతలు పడుతుండగా మనవడు పరుగెత్తుకొచ్చి మోచేతికి తగులుతాడు. అంతే. 

ఇక జలుబు ముదిరి చెవిలో చీము పట్టి పొర పగలడం చిన్నపిల్లల్లో ఎప్పుడూ ఉండేదే.

ఏ దారిన చిల్లు పడినా ఆ తరువాత మన ఇళ్లలో జరిగేది మాత్రం ఒకే వరస. మొదటి రోజు అవసరానికి మించి చేస్తాం. ఆరు నెలలు గడిచాక అవసరమైనది కూడా చేయం. ఈ కథనం ఆ రెండు తప్పుల గురించే.

గోరంత పొర

చెవి రంధ్రం లోపలికి సుమారు రెండున్నర సెంటీమీటర్లు వెళ్తే అడ్డంగా ఒక పొర. అడ్డుకొలత సెంటీమీటరుకు కాస్త తక్కువ, మందం మిల్లీమీటరులో పదో వంతు. ఉల్లిపాయ రేకుల నడుమ ఊడివచ్చే పల్చటి పొరను వెలుతురుకు పట్టి చూస్తే కర్ణభేరి ఎలా ఉంటుందో కొంత తెలుస్తుంది. అంత పల్చటిదానిలోనూ మూడు వరసలు. బయట చర్మం, మధ్యలో గట్టి నారలు, లోపల తడి పొర.

దాని వెనక మూడు బుల్లి ఎముకలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. చివరిది మూడు మిల్లీమీటర్లకు మించదు. మనిషి ఒంట్లో అంతకంటే చిన్న ఎముక లేదు. విశాలమైన కర్ణభేరి మీద పడ్డ కదలికనంతా ఈ ఎముకలు తీసుకెళ్లి లోపలి చెవి చిన్న కిటికీ మీద పెడతాయి. ఆ కిటికీకి పొర వైశాల్యం దాదాపు 17 రెట్లు. ఎముకల మీట బలం కూడా కలిస్తే ఒత్తిడి 22 రెట్లవుతుంది. లోపలి చెవిలో ఉన్నది గాలి కాదు, ద్రవం. దాన్ని కదిలించాలంటే ఈ పెంపు లేనిదే కుదరదు. పొరకు చిల్లు పడితే తగ్గేది ఈ పెంపే. వినికిడి నరం చెడిపోయినట్టు కాదు. చెవికి చిల్లు పడిందనగానే ‘ఇక చెవుడే’ అని బెంబేలెత్తేవాళ్లు ముందు తెలుసుకోవలసింది ఇది.

ఈ పొర మీది చర్మానికి మరో గుణం ఉంది. అది నడుమ నుంచి అంచులకు, అక్కడి నుంచి రంధ్రం గోడల వెంట బయటికి, రోజుకు మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా జరుగుతూ ఉంటుంది. గులిమిని, దుమ్మును తనతో మోసుకొస్తుంది. చెవి తనను తాను శుభ్రం చేసుకుంటుందన్న మాట. ఇయర్ బడ్ పెట్టి మనం చేసేదల్లా బయటికి వస్తున్నదాన్ని మళ్లీ లోపలికి నెట్టడమే. ఈ సంగతి చెప్పి బడ్స్ మాన్పించిన డాక్టరు ఎవరైనా ఉన్నారంటే ఆయనకు దండం పెట్టాలి. అంత కష్టమైన పని అది.

నొప్పి తగ్గితే తగ్గినట్టు కాదు

దెబ్బ వల్ల చిల్లు పడితే ఆ క్షణంలోనే తెలుస్తుంది. చురుక్కుమని నొప్పి, చెవి దిబ్బడ, లోపల హోరు, ఒకటి రెండు చుక్కల నెత్తురు. కొందరికి కాసేపు కళ్లు తిరుగుతాయి. చాలామందికి నొప్పి కొద్ది గంటల్లో సర్దుకుంటుంది. మనల్ని మోసం చేసేది ఇదే. ముక్కు చీదినప్పుడు చెవిలోంచి బుస్సుమని గాలి వచ్చినా, చెవిలో వేసిన మందు చేదు గొంతులో తగిలినా పొరలో దారి ఉన్నట్టే లెక్క. అలాగని పరీక్ష కోసం ముక్కు మూసి గట్టిగా ఊదకండి. చిట్లిన అంచులు ఇంకా విచ్చుకుంటాయి. అన్నట్టు, బీడీ పొగను చెవిలోంచి వదిలి పిల్లలను నోరెళ్లబెట్టించే పెద్దమనుషులు కొందరుంటారు. అది విద్యేమీ కాదు. ఏనాటిదో చిల్లు పూడకుండా ఉండిపోయిందంతే.

ఇన్‌ఫెక్షన్ వల్ల పడే చిల్లుది తిరగబడ్డ కథ. పిల్లాడికి రాత్రంతా చెవిపోటు, జ్వరం, ఏడుపు. తెల్లవారేసరికి దిండు మీద చీము మరక, పిల్లాడు హాయిగా నిద్రలో. పోటు తగ్గిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి పొర వెనక పేరుకున్న చీము ఒత్తిడికి పొర పగిలి బయటపడింది కాబట్టి నొప్పి తగ్గింది. అసలు ఆసుపత్రికి వెళ్లవలసిన పొద్దు అదే.

అక్కడ జరిగే పరీక్షలు పెద్దవేమీ కావు. లైటున్న చిన్న గరాటులాంటి పరికరంతో చూస్తే చిల్లు ఎక్కడుంది, ఎంతుంది, అంచుదాకా వెళ్లిందా అన్నది తెలుస్తుంది. తరువాత శృతిదండం మోగించి నుదుటి నడుమ పెడతారు. మందగించిన చెవిలోనే శబ్దం గట్టిగా వినిపిస్తోందని చెబితే డాక్టరు మొహం తేటపడుతుంది. పేషెంటుకు అది వింతగా తోస్తుంది గానీ, లోపలి నరం బాగానే ఉంది, అడ్డంకి పొర దగ్గరేనని దాని అర్థం. శబ్దం మంచి చెవివైపు జరిగిందంటే ఆలోచించాలి. ఆ తరువాత వినికిడిని కొలిచే ఆడియోగ్రామ్. చిల్లు ఒక్కటే అయితే వినికిడి నష్టం సాధారణంగా 40 డెసిబెల్స్ దాటదు. దానికి బాగా మించితే లోపలి బుల్లి ఎముకలు కూడా విడిపోయాయేమోనని అనుమానించాలి.

కొన్నిటికి ఓపీ టైము చూసుకుంటూ కూర్చోకూడదు. తలకు దెబ్బ తగిలాక చెవిలోంచి నెత్తురు గానీ నీళ్లలాంటి ద్రవం గానీ కారడం, గిర్రున కళ్లు తిరిగి వాంతులవడం, చెవి పూర్తిగా వినపడకపోవడం, మూతి ఒక పక్కకు వంకరపోవడం. వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా క్యాజువాలిటీకే. చెవిలో పుల్ల గుచ్చుకున్న వెంటనే గది తిరిగిపోతోందంటే అది చివరి ఎముక దాకా వెళ్లిందేమో చూడాలి. ఆ ఎముక కదిలితే శాశ్వత చెవుడు రావచ్చు.

‘ఏం వేశారమ్మా?’

ఈఎన్‌టీ గదిలో చెవి చూడకముందే డాక్టరు అడిగే ప్రశ్న ఇది.

‘ఏమీ లేదండీ, కాస్త నూనె కాచి రెండు చుక్కలు...’

ఆ కాస్త నూనెలో వెల్లుల్లి రెబ్బ ఉంటుంది. కొన్ని ఇళ్లలో తులసి రసం, కొన్ని చోట్ల బాలింత పాలు. మందుల షాపు దగ్గరున్నవాళ్లయితే నురగలు కక్కే హైడ్రోజన్ పెరాక్సైడ్. పొర నిండుగా ఉన్నప్పుడు వీటిలో కొన్ని పెద్దగా చెరుపు చేయకపోవచ్చు. చిల్లు పడ్డాక మాత్రం చెవిలో వేసిన ప్రతి చుక్కా ఇంతకాలం పొర కాపాడుతూ వచ్చిన నడిమి చెవిలోకి దిగుతుంది. శుభ్రంగా ఉన్న గాయం చీము గాయమవుతుంది. నూనె తడికి బూజు కూడా పడుతుంది. అమ్మమ్మల మీద కోపంతో అంటున్న మాట కాదిది. ఆ చెయ్యి ప్రేమతోనే ముందుకొస్తుంది. చెవి విషయంలో మాత్రం ఆ ప్రేమను తడిలేని దూదితో ఆపాలి.

కాబట్టి మొదటి రోజు చేయవలసింది దాదాపు ఏమీ లేదు. చెవిలో ఏమీ వేయకూడదు, ఏమీ పెట్టకూడదు, గడ్డ కట్టిన నెత్తుటిని గీకి తీయకూడదు. బయటికి కారినదాన్ని శుభ్రమైన గుడ్డతో చెవి అంచున తుడిస్తే చాలు. నొప్పికి పారాసిటమాల్. స్నానానికి వెళ్లేముందు దూది ఉండకు వాజిలైన్ పూసి చెవి మొదట్లో ఉంచి, అయ్యాక తీసేయాలి. తలంటు నాలుగు రోజులు ఆగినా కొంపలు మునగవు. ఈత వద్దు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. ఒకటి రెండు రోజుల్లో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి.

మందుల షాపువాడు ఇచ్చే చుక్కల మందు సంగతి ఇంకాస్త జాగ్రత్తగా వినండి. జెంటామైసిన్, నియోమైసిన్ వంటి మందులు కలిసిన చుక్కలు చిల్లులోంచి లోపలి చెవికి చేరితే వినికిడి కణాలనే దెబ్బతీయగలవు. ఆ కణాలు మళ్లీ పుట్టవు. పూడిపోయే చిల్లుకు పోయి పూడని చెవుడు తెచ్చుకోవడం అంటే ఇదే. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ చుక్కలకు ఆ ప్రమాదం లేదు గనుక చీము కారే చిల్లుకు డాక్టర్లు వాటినే ఎక్కువగా రాస్తారు. దెబ్బ వల్ల పడి పొడిగా ఉన్న చిల్లుకైతే మామూలుగా ఏ చుక్కలూ అక్కర్లేదు. ‘చెవిపోటుకి ఏదైనా ఇవ్వండి’ అని కౌంటరు దగ్గర అడిగే అలవాటుకు ఇంతకంటే పెద్ద అభ్యంతరం చూపించలేను.

ఇలా వదిలేస్తే ఏమవుతుంది? దెబ్బకు పడిన చిల్లుల్లో అత్యధిక భాగం కొద్ది వారాల నుంచి మూడు నెలల్లోపు వాటంతట అవే పూడిపోతాయి. పూడిందా లేదా అన్నది మాత్రం మన లెక్కతో కాదు, మళ్లీ చెవిలో చూసి తేల్చాలి. 

చెయ్యి చేసుకోవడం వల్ల పడిన చిల్లయితే ఇంకో సంగతి కూడా ఉంది. భార్య చెవికి తగిలిన దెబ్బ ఓపీ చీటీలో ‘తలుపు తగిలింది’గా మారిపోవడం డాక్టర్లకు కొత్త కాదు. ప్రభుత్వాసుపత్రిలో నిజం చెప్పి మెడికో లీగల్ కేసుగా రాయించుకుంటే గాయం తేదీతో సహా నమోదవుతుంది. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఏ ఒక్క చెవి వినికిడి శాశ్వతంగా పోయినా అది తీవ్ర గాయమే. పాత ఐపీసీ 320లోనూ అదే ఉంది. శాశ్వతమా కాదా అని తేల్చేది మొదటి రోజు ఆడియోగ్రామ్, నెలల తరువాతి ఆడియోగ్రామ్ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. పిల్లలకు 1098, మహిళలకు 181 ఫోను నంబర్లు ఉన్నాయి.

కారే చెవికి అలవాటు పడితే

ఇప్పుడు రెండో తప్పు. నా లెక్కలో మొదటిదానికంటే ఇదే పెద్దది.

‘మావాడికి చిన్నప్పట్నుంచీ చెవి కారుతుందండీ. జలుబు చేస్తే వస్తుంది, పోతుంది.’ ఈ మాటలో కంగారు ఉండదు. ఇంట్లో పాత గడియారం ఆగి ఆగి నడుస్తోందని చెప్పినంత తేలిగ్గా చెబుతారు. పిల్లల్లో ముక్కు వెనక నుంచి నడిమి చెవికి పోయే గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. జలుబు క్రిములు తేలిగ్గా ఎక్కేస్తాయి. పడుకోబెట్టి సీసాతో పాలు పట్టడం, ఇంట్లో పొయ్యి పొగ, సిగరెట్ పొగ దీన్ని పెంచుతాయి. పదే పదే చీము పట్టి పగిలిన పొరకు చివరికి పూడే ఓపిక నశిస్తుంది. చిల్లు అలా ఉండిపోతుంది. స్నానం నీళ్లు పోయినప్పుడల్లా, జలుబు చేసినప్పుడల్లా కారుతుంది. 

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో ఈ దీర్ఘకాలపు చీము చెవి మీద ఒక నివేదిక ఇచ్చింది. జనాభాలో నాలుగు శాతానికి మించి ఈ జబ్బున్న చోట్ల దీన్ని భారీ ప్రజారోగ్య సమస్యగా చూడాలని అందులో ఉంది. ఆ పై వరసలో పెట్టిన దేశాల్లో మనదీ ఒకటి. తరగతిలో వెనక బెంచీ పిల్లాడు ‘పరధ్యానం’ మనిషిగా పేరు తెచ్చుకుని ఉంటే, చదువు సంగతి తరువాత, ముందు చెవిలోకి ఒకసారి చూడాలి. బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు చూడవలసిన జబ్బుల జాబితాలో చెవి చీము, వినికిడి లోపం రెండూ ఉన్నాయి. టీచర్లు ఆ రోజున ఇలాంటి పిల్లల్ని ముందు వరసలో నిలబెడితే చాలు.

ఇంట్లో చేయదగ్గది చెవిని ఆరబెట్టడం. శుభ్రమైన పల్చటి నూలుగుడ్డను వత్తిలా మెలిపెట్టి, చెవి మొదట్లో ఉంచి, తడిశాక తీసి కొత్తది పెట్టాలి. పొడి వత్తి వచ్చేదాకా, రోజుకు మూడుసార్లయినా. దాని తరువాతే డాక్టరు రాసిన చుక్కలు వేయాలి. చీము నిండిన చెవిలో పోసిన మందు చీము మీదే తేలుతుంది, చేరవలసిన చోటికి చేరదు.

కారే చెవుల్లో మళ్లీ రెండు రకాలు. పొర నడిమి భాగంలో చిల్లు పడి, పల్చగా, ధారాళంగా, వాసన లేకుండా కారేది కాస్త మంచిరకం. తక్కువగా కారుతూ, దగ్గరికొస్తే ముక్కు మూసుకునేంత కంపు కొట్టేది ప్రమాదకరమైనది. అందులో చిల్లు పొర పైభాగంలోనో, అంచునో ఉంటుంది. అక్కడ చర్మం లోపలికి పెరిగి గూడు కట్టుకుని చుట్టూ ఎముకను తింటూ పోతుంది. దీన్ని కొలెస్టియటోమా అంటారు. పేరు చూసి క్యాన్సర్ అనుకోకండి, కాదు. అలాగని వదిలేయదగ్గదీ కాదు. బుల్లి ఎముకలు, మూతిని కదిలించే నరం, చివరికి మెదడుకూ చెవికీ నడుమ గోడ దాని దారిలో ఉంటాయి. చెవి వెనక వాపు, తీవ్రమైన తలనొప్పితో జ్వరం, మెడ బిగుసుకోవడం, మగతగా పడి ఉండటం మెదడు దాకా వెళ్లిన గుర్తులు కావచ్చు. ఈ రకానికి చుక్కల మందుతో నయం లేదు, ఆపరేషన్ ఒక్కటే దారి. కంపు కొట్టే చెవిని సిగ్గుతో దూది కుక్కి దాచుకునే పెళ్లీడు పిల్లలు తెలుసుకోవలసిన విషయం ఇది.

పంది పొర నుంచి కణత పొర దాకా

చిల్లును మూయాలన్న ఆలోచన పాతదే. 1640లో బాంజర్ అనే వైద్యుడు గొట్టం చివర పంది మూత్రాశయపు పొరను బిగించి చెవిలో పెట్టి చూశాడు. 1853లో ఇంగ్లండులో టాయిన్బీ వెండి తీగకు రబ్బరు బిళ్ల తగిలించి అదే పని చేశాడు. అవి పెట్టుకున్నంతసేపే వినిపించేవి. అసలు మలుపు 1950ల మొదట్లో జర్మనీలో వచ్చింది. వుల్‌స్టైన్, జోల్నర్ అనే ఇద్దరు సర్జన్లు పొరను అతికి, ఎముకల వరసను సరిచేసే ఆపరేషన్‌కు ఒక పద్ధతి ఏర్పరిచారు. 1953లో జైస్ కంపెనీ ఆపరేషన్ మైక్రోస్కోపు కూడా రావడంతో అంత చిన్న చోట చెయ్యి ఆడించడం సాధ్యమైంది.

ఇప్పుడు అతుకు మన ఒంట్లోంచే తీస్తారు. చెవి పైన కణత దగ్గర నమిలే కండరం మీద ఒక పల్చటి పొర ఉంటుంది. అందులోంచి కొద్ది ముక్క తీసి, ఆరబెట్టి, కర్ణభేరి కింద పరుస్తారు. దాని మీదుగా పాత అంచుల నుంచి కొత్త పొర పాకి మూసుకుంటుంది. కొన్ని చెవులకు చెవి ముందున్న చిన్న మృదులాస్థి ముక్క వాడతారు. పెద్దవాళ్లకు మత్తు ఇంజెక్షన్ చెవి చుట్టూ ఇచ్చి మెలకువగా ఉండగానే చేయవచ్చు. పిల్లలకు పూర్తి మత్తు కావాలి. మరీ చిన్న పిల్లల్లో జలుబులు తరచుగా వస్తాయి కాబట్టి కొంత వయసు వచ్చేదాకా ఆగమంటారు చాలామంది సర్జన్లు. చిల్లు మూడు నెలలకూ పూడకపోతే, చెవి పొడిగా ఉంటే, ఈ మాట కదపవలసిన సమయమొచ్చినట్టే. అనుభవమున్న చేతుల్లో పదింట ఎనిమిది తొమ్మిది అతుకులు నిలుస్తాయి. నిలవని ఆ ఒకటి రెంటి గురించీ సర్జన్ ముందే చెప్పాలి, మనం అడగాలి.

ఎక్కడికి వెళ్లాలన్నదానికి సమాధానం మనకు దగ్గర్లోనే ఉంది. హైదరాబాద్ కోఠీలోను, విశాఖపట్నం పెదవాల్తేరులోను చెవి ముక్కు గొంతు కోసమే ప్రభుత్వాసుపత్రులు ఉన్నాయి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగం ఉంటుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉన్నవాళ్లు ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో తమ ఆపరేషన్ పథకం కిందికి వస్తుందో లేదో అడ్మిట్ కాకముందే అడిగి తెలుసుకోవాలి. పాత ఆడియోగ్రాములు, చీటీలు వెంట తీసుకెళ్తే పని తొందరగా అవుతుంది.

ఆపరేషన్ తరువాత చెవి నిండా గాజ్ గుడ్డ కుక్కి ఉంటుంది కాబట్టి వినికిడి ముందటికంటే తగ్గినట్టుంటుంది. ‘ఉన్నదీ పోయింది’ అని కట్టు ఉన్నన్ని రోజులు చాలామంది దిగులు పడతారు. కట్టు తీశాకా కొన్నాళ్లు దిబ్బడగానే ఉంటుంది. అతుకు నిలిచిందో లేదో తేలేది రెండు మూడు నెలలకు. అప్పటిదాకా ముక్కు గట్టిగా చీదకూడదు, బరువులెత్తకూడదు, తలస్నానంలో చెవి తడవకూడదు, డాక్టరు సరేననేదాకా విమానం ఎక్కకూడదు. వయసు వల్లో, వేరే జబ్బుల వల్లో ఆపరేషన్ వద్దనుకున్నవాళ్లు చిల్లుతోనే ఉండవచ్చు. ఆ చెవిని పొడిగా ఉంచుకోవాలి, ఏడాదికోసారి చూపించుకోవాలి. వినికిడి మరీ తగ్గితే మెషిన్ పెట్టుకోవచ్చు. అయితే చెవిని మూసేసే అచ్చు కారే చెవికి పనికిరాదు. గాలి ఆడేలా చేసి ఇమ్మని కొలత తీసుకునేటప్పుడే ఆడియాలజిస్టుకు చెప్పాలి.